శిశు చర్మ సంరక్షణ పదార్థాల భద్రత

శిశు చర్మ సంరక్షణ పదార్థాలు అనగా చంటిబిడ్డల ఒంటికి వాడే నూనెలు, నలుగుపిండ్లు, పౌడర్లు, సబ్బులు, లేపనాలు, కాటుక మొదలైనవి. వీటిలో అధికభాగం నిరపాయకరమైనవే అయినా, కొన్నింటి వలన శిశువులకు తీవ్రమైన హాని కలిగిన సందర్భాలు ఉన్నవి. వైఎస్ఆర్ కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చెమటకాయలకు పౌడరు అద్దడం, నూనెతో మర్దన చేసి కాళ్లపై పడుకోబెట్టి నీళ్లు పోయడం ఇక్కడి ఇళ్లలో వాడుక.

శిశువు చర్మ స్వభావం

శిశువు చర్మం పెద్దలకంటే పలుచన. శరీర బరువుతో పోల్చినపుడు చర్మ వైశాల్యం ఎక్కువ. అందువలన పూసిన పదార్థం రక్తంలోకి అధికంగా చేరగలదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. 1972లో ఫ్రాన్సులో పొరపాటున 6 శాతం హెక్సాక్లోరోఫీన్ కలిసిన పౌడరు వలన 36 మంది పిల్లలు మరణించారు. బోరిక్ ఆమ్లం కూడా శిశువులకు విషపూరితము.

టాల్కం పౌడరు

టాల్క్ అనేది మెగ్నీషియం సిలికేట్ ఖనిజం. దీని నిక్షేపాలలో ఆస్బెస్టాస్ కలిసి ఉండే అవకాశం కలదు. ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకము. పులివెందుల ప్రాంతంలోని వేంపల్లె డోలమైట్ శిలలలో క్రైసోటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్ ఉన్నది; బ్రాహ్మణపల్లె వద్ద దీని గనులు ఉండేవి. ఆ ఖనిజాన్ని పౌడరు కోసం తవ్వలేదు. దేశంలో ఆస్బెస్టాస్ తవ్వకంపై ప్రభుత్వం ఆంక్షలు విధించింది.

జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ టాల్క్‌తో చేసిన బేబీ పౌడరు అమ్మకాన్ని అమెరికా, కెనడాలలో 2020లో నిలిపివేయనున్నట్లు ప్రకటించింది. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఆపివేసి మొక్కజొన్న పిండి పౌడరుకు మారింది. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' (2ఏ) వర్గంలో చేర్చింది. ఆస్బెస్టాస్ లేకపోయినా, పొడి గాలిలో లేచి శ్వాసతో ఊపిరితిత్తులలోకి చేరడం ప్రమాదకరము. మొక్కజొన్న పిండికీ ఇది వర్తిస్తుంది. చెమటకాయలకు చల్లని నీటితో తుడవడం, పలుచని నూలు బట్టలు, గాలి తగలడం చాలును.

నూనెలు

కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె సాధారణంగా అనుకూలమైనవి. ఆవనూనె చర్మపు రక్షణ పొరను దెబ్బతీయగలదు. ముక్కులో, గొంతులో నూనె చుక్కలు వేయరాదు. అది ఊపిరితిత్తులలోకి చేరి న్యుమోనియాకు దారితీయును. కర్పూరం కలిసిన నూనెలు, తైలాలు మూర్ఛ కలిగించవచ్చును.

సున్నిపిండి, పసుపు

పెసరపిండి, శనగపిండి, పసుపు కలిపిన సున్నిపిండితో గట్టిగా రుద్దిన యెడల లేత చర్మం గీసుకుపోవును. నెల దాటని బిడ్డలకు దీనిని వాడకపోవడం మంచిది. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు వలన శరీరంలోకి సీసం చేరవచ్చును. కొమ్ములు కొని ఇంట్లో దంచుకొనడం మేలు. బొడ్డుపై పసుపు, బూడిద, నూనె వంటివి పెట్టరాదు.

కాటుక

సుర్మాలో, కొన్ని బజారు కాటుకలలో లెడ్ సల్ఫైడ్ ఉండవచ్చును. సీసం శిశువుల మెదడు ఎదుగుదలకు హానికరము. దీపపు మసితో ఇంట్లో చేసిన కాటుకలో సీసం సాధారణంగా ఉండదు. అయితే శుభ్రంగా లేని వేలితో కంటికి పెట్టినచో కన్ను చీము పట్టవచ్చును. దిష్టిచుక్కను కంటికి దూరంగా, పాదానికి పెట్టడం సురక్షితము.

చట్టాలు

భారతదేశంలో సౌందర్య సాధనాలకు ఔషధ, సౌందర్య సాధనాల చట్టం (1940), సౌందర్య సాధనాల నియమావళి (2020) వర్తిస్తాయి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను వాడరాదు. డబ్బాపై పదార్థాల జాబితా, గడువు తేదీ ముద్రించవలెను. విడిగా అమ్మే పొడులకు ఈ వివరాలు లభించవు.

జాగ్రత్తలు

* తొలిస్నానాన్ని పుట్టిన 24 గంటల వరకు వాయిదా వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
* సుగంధం, రంగు లేనివి ఎంచుకొనవలెను.
* బిడ్డ బట్టలలో కలరా ఉండలు ఉంచరాదు. జీ6పీడీ లోపమున్న శిశువులకు నాఫ్తలీన్ వలన రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్ర కామెర్లు రావచ్చును.
* దద్దురు, వాపు, ఆయాసం, మూర్ఛ కనిపించినచో డబ్బాను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

ఇవి కూడా చూడండి

* నలుగు
* సున్నిపిండి
* ఆస్బెస్టాస్
* కాటుక