టెంప్‌యూరి ఎవరు?

ఒక క్లయింట్ కోడ్‌లో మొదటిసారి 'ఆర్గ్.టెంప్‌యూరి' అనే ప్యాకేజీ చూసి, ఇదేదో ఓపెన్‌సోర్స్ లైబ్రరీ కాబోలు అనుకున్నాను. వెర్షన్ ఎంతో చూద్దామని పామ్ ఫైల్ అంతా వెతికా. ఎక్కడా లేదు! మా సీనియర్ ఒకాయన నవ్వి "అది లైబ్రరీ కాదు బాబూ, ఎవరో పేరు మార్చడం మర్చిపోయారు" అన్నారు.

సంగతేంటంటే, జావాలో ప్యాకేజీ పేరుకి కంపెనీ డొమైన్‌ని తిరగేసి వాడమని 1996 నాటి లాంగ్వేజ్ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఇద్దరి కోడ్ ఒకే పేరుతో కొట్టుకోకూడదని. (అప్పట్లో కామ్, ఈడీయూ లాంటివి పెద్దక్షరాల్లో రాయమన్నారు. డగ్ లీ పాత కాన్‌కరెన్సీ లైబ్రరీ పేరు అందుకే అలా ఉంటుంది.) పేరు మనుషులు పెట్టినన్నాళ్ళూ పెద్దగా గొడవ లేదు.

2002లో డాట్‌నెట్ వచ్చింది. విజువల్ స్టూడియోలో వెబ్ సర్వీస్ మొదలుపెడితే 'టెంప్‌యూరి.ఆర్గ్' అనే నేమ్‌స్పేస్ అదే పెట్టేసేది. అంటే టెంపరరీ యూఆర్ఐ. బయటికి ఇచ్చేముందు మార్చుకోండి అని టెస్ట్ పేజీలో రాసి మరీ చెప్పేది. చదివేదెవరు? డెడ్‌లైన్ రోజు ఆ పేజీలో 'ఇన్‌వోక్' బటన్ తప్ప ఇంకేమీ కనబడదు కదా!

అవతల జావా వాళ్ళు ఆ డబ్ల్యూఎస్‌డీఎల్ తీసుకుని కోడ్ జెనరేట్ చేస్తే, టూల్ బుద్ధిగా నేమ్‌స్పేస్‌లోని డొమైన్‌ని తిరగేసేది. సంబంధం లేని రెండు కంపెనీల సర్వీసులు వచ్చి ఒకే ప్యాకేజీలో కూర్చునేవి. రెండింటికీ 'ఆబ్జెక్ట్‌ఫ్యాక్టరీ' అనే క్లాసే. ఏ గొడవ రాకూడదని ఆ రూల్ పెట్టారో, సరిగ్గా అదే వచ్చింది. మన వైపు ప్యాకేజీ పేరు ఒక ఆప్షన్‌తో మార్చుకోవచ్చు. సర్వీస్ వైపు కుదరదు, ఆ నేమ్‌స్పేస్ ప్రతి మెసేజ్‌లోనూ వెళ్తుంది. మారిస్తే పాత క్లయింట్లన్నీ ఆగిపోతాయి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 'జావాఎక్స్' పేరు వాడుకోవడం మీద ఒరాకిల్‌కీ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కీ ఒప్పందం కుదరలేదని 2019లో తేలింది. 2020లో జకార్తా ఈఈ 9 అన్ని ప్యాకేజీల పేర్లూ మార్చేసింది. స్ప్రింగ్ బూట్ 3 కూడా అటే. జెనరేటెడ్ కోడ్ కదా, మళ్ళీ జెనరేట్ చేస్తే పోతుంది అనుకున్నాం. చేస్తే టెస్టులు పోయాయి. ఎవరో పుణ్యాత్ముడు జెనరేట్ అయిన క్లాసుల్ని మామూలు సోర్స్ ఫోల్డర్‌లో పెట్టి, లోపల చేత్తో దిద్దాడు. ఎక్కడెక్కడో తెలీదు. పాత డబ్ల్యూఎస్‌డీఎల్‌తో విడిగా జెనరేట్ చేసి, ఫైలు ఫైలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ రెండు వారాలు కూర్చున్నాం.

ఇప్పుడు ఆ క్లాసులు టార్గెట్ ఫోల్డర్‌లో బిల్డ్ అయినప్పుడల్లా కొత్తగా పుడుతున్నాయి. సర్వీస్ పేరు మాత్రం ఇంకా టెంప్‌యూరీయే.