ట్రైలర్ పడవల ఎలక్ట్రిక్ వించ్

కారు వెనక తగిలించిన ట్రైలర్ మీదికి పడవను నీటిలోంచి లాగడానికి, మళ్లీ నీటిలోకి దించడానికి వాడే బ్యాటరీ యంత్రం. దీన్ని ట్రైలర్ ముందు భాగంలోని స్తంభానికి బిగిస్తారు. డ్రమ్ముకు చుట్టిన పట్టీ లేదా తాడు కొసనున్న కొక్కేన్ని పడవ ముక్కు దగ్గరి ఉక్కు కడియానికి తగిలిస్తారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో సొంత పడవలున్నవారికి ఇది పరిచయమైన వస్తువే.

తాడు చుట్టి బరువు లాగడం చాలా పాత విద్య. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సెస్ హెలెస్పాంట్ జలసంధి మీద పడవల వంతెన వేయించినప్పుడు, మోకులను కొయ్య యంత్రాలతో చుట్టి బిగించారని హెరొడోటస్ రాశాడు. లాగిన బరువును నిలబెట్టడమే అసలు చిక్కు. పాత చేతి వించ్‌లో పళ్లచక్రానికి అడ్డుపడే చిన్న నాలుకే పడవను ఆపేది. దించేటప్పుడు ఆ నాలుకను తప్పిస్తే బరువంతా పిడి మీద పడుతుంది. చెయ్యి జారితే పిడి గిర్రున తిరిగి ఎముకలు విరగ్గొడుతుంది. పిడి వదిలినా తనంతట తాను పట్టుకునే బ్రేకు వచ్చాకే ఆ భయం తగ్గింది.

ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో అవుట్‌బోర్డ్ మోటార్ల అమ్మకం మొదలుపెట్టడంతో చిన్న పడవకు ఇంజను అందుబాటులోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ పడవలు పెరిగాయి; పడవను ఇంటి ముంగిట ఉంచుకుని, సెలవు రోజున చెరువుకు లాక్కెళ్లే అలవాటు స్థిరపడింది.

విద్యుత్తు వించ్‌కు దారి వేసింది మాత్రం కారు బ్యాటరీయే అనాలి. 1950ల మధ్యలో అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ఒక కిలోవాటు శక్తికి 6 వోల్టుల దగ్గర సుమారు 167 ఆంపియర్లు కావాలి. 12 దగ్గర 83 చాలు. అంటే తీగలు సన్నబడ్డాయి, వేడి తగ్గింది. వార్న్ సంస్థ 1959లో వాహనాలకు బిగించే ఎలక్ట్రిక్ వించ్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

లెక్కకు పని పెద్దదేమీ కాదు. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే రేవు వాలులో వెయ్యి కిలోల పడవను లాగడానికి, రాపిడిని పక్కన పెడితే, 125 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. మోటారు వేగాన్ని గేర్లు తగ్గించి ఆ బలాన్ని ఇస్తాయి. డ్రమ్ము మీద తాడు వరస మీద వరస చుట్టుకునేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది కాబట్టి, పెట్టె మీద అచ్చువేసిన అంకె సాధారణంగా మొదటి వరసకే వర్తిస్తుంది. కొనేవాళ్లు చాలాసార్లు దీన్ని పట్టించుకోరు.

దించడంలో రెండు పద్ధతులున్నాయి. క్లచ్ వదిలితే పడవ సొంత బరువుతో జారుతుంది. వాలు తక్కువైన రేవుల్లో, మోటారు తాడును వదులుతుంటే పడవను చేత్తో నెట్టాలి. ప్రయాణంలో పడవను వించ్ ఒక్కదాని మీదే వదలకూడదు. ముక్కుకు గొలుసు, వెనక పట్టీలు తప్పనిసరి.

ఉక్కు తీగ తెగితే కొరడాలా ఎగిరి కొడుతుంది. అందుకే చాలామంది నేసిన పట్టీలకు, డైనీమా వంటి కృత్రిమ తాళ్లకు మారారు.

పడవ ఇంజను జోరుతోనే ట్రైలర్ మీదికి ఎక్కించేవారూ ఉన్నారు. ఇంజను పంకా చిమ్మే నీటి దెబ్బకు రేవు చివర మట్టి కొట్టుకుపోయి గుంట పడుతుంది, ట్రైలర్ చక్రాలు అందులో దిగబడతాయి. అమెరికాలో అనేక రేవుల్లో ఈ పద్ధతిని వద్దంటారు; అక్కడ వించ్ వాడాల్సిందే.