మంద్రానికి ఎంత వెల?

బేస్ గిటార్ వాయించేవాళ్ల ముందు ఇవాళ రెండు దారులున్నాయి. ఒకటి, క్లాస్ డి ఆంప్. రెండు కిలోల బరువు, ఐదొందల వాట్ల శక్తి. వీపు సంచీలో పడేసుకుని మెట్రో ఎక్కేయొచ్చు. రెండోది, చేత్తో కట్టిన ట్యూబ్ ఆంప్. మూడొందల వాట్లు కావాలంటే నలభై కిలోలకు దగ్గర్లో ఉంటుంది. మూడు నాలుగు వేల డాలర్లు పెట్టాలి. కొన్నేళ్లకోసారి ట్యూబులు మార్చాలి. లోపల ఏడొందల వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు మూత తీయకూడదు. ఏ లెక్కన చూసినా మొదటిదే మేలు. అయినా రెండోదాన్ని కోరుకునేవాళ్లు ఉన్నారు, దాన్ని కట్టేవాళ్లూ ఉన్నారు. దీన్ని పిచ్చి అని తీసిపారేసే ముందు, ఆ పెట్టెకి ఆ వెల ఎలా వచ్చిందో చూడాలి. అందులో కొంత ఇనుముది, కొంత మూతబడ్డ కార్ఖానాలది, కొంత ఒక మనిషిది.

1940ల అమెరికాలో డబుల్ బేస్ వాయించేవాడి కష్టం వేరే ఎవరికీ లేదు. మనిషంత ఎత్తు వాద్యం, పక్కన బాకాలు, డ్రమ్ములు. ఎంత గట్టిగా లాగినా ముందు వరస దాటి వినపడదు. న్యూయార్క్‌లో ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు, వాద్యాన్ని నేల మీద నిలబెట్టే అడుగు కడ్డీలోనే చిన్న మైక్ అమర్చే ఉపాయం కనిపెట్టాడు. 1946లో స్టాన్లీ మైకేల్స్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 'ఆంప్లిఫైడ్ పెగ్' అన్న మాటలే కుదించుకుపోయి 'ఆంపెగ్' అయ్యాయి. హల్‌కి కావలసింది ఒక్కటే. డబుల్ బేస్ ఎలా పలుకుతుందో అలాగే, ఇంకాస్త పెద్దగా పలకాలి. ధ్వని బద్దలవడం ఆయన దృష్టిలో తప్పు. రాకెన్‌రోల్ అంటే ఆయనకు గిట్టదు.

ఇంతలో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అసలు వాద్యాన్నే మార్చేశాడు. 1951లో ప్రెసిషన్ బేస్ వచ్చింది. గిటార్‌లా మెడలో వేసుకోవచ్చు, మెట్లున్నాయి కాబట్టి అపశ్రుతి భయం లేదు. దానికి జోడీగా 1952లో బేస్‌మన్ అనే ఆంప్ తెచ్చాడు. ఆ దశాబ్దం చివరికి అది నాలుగు పదంగుళాల స్పీకర్ల పెట్టెగా మారింది. బేస్‌కి అది చాలేది కాదు, గట్టిగా వాయిస్తే గరగరమనేది. కానీ ఆ గరగరే గిటారిస్టులకు తెగ నచ్చింది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టువాళ్లు దాని సర్క్యూట్‌నే నమూనాగా పెట్టుకుని తమ మొదటి ఆంప్ కట్టారు. ఆ తర్వాత రాక్ గిటార్‌కి గుర్తుగా మారిన మార్షల్ ధ్వనికి తాత, బేస్ కోసం చేసిన ఆంప్. వాల్వులు ఓర్చుకోలేక చేసిన చప్పుడే అందమైపోయింది.

ట్యూబ్ ఆంప్‌ల చరిత్ర అంతటా ఈ తిరకాసు కనిపిస్తుంది. తయారుచేసినవాడు దాచాలనుకున్న లోపాన్నే వాయించేవాడు వెతుక్కుంటూ వస్తాడు.

ఆ లోపం ఏమిటి? ట్యూబ్ తన హద్దు దగ్గరికి వచ్చినప్పుడు ట్రాన్సిస్టర్‌లా టక్కున తెగిపోదు, మెల్లగా ఒంగుతుంది. ఒంగుతున్నప్పుడు మూల స్వరానికి పై స్వరాలు కొన్ని జోడిస్తుంది. తంబురా మీటితే ఎవరూ మీటని గాంధారం వినపడుతుందే, దాదాపు అలాంటిదే. బేస్‌కి ఇది వరం. బేస్ గిటార్ అడుగు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. చిన్న స్పీకర్లు అంత కింది స్వరాన్ని పలకలేవు. ఇళయరాజా పాటల్లో బేస్ తనదైన ఇంకో రాగం పాడుకుంటూ నడుస్తుంటుంది. ఆ పాటే ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆ నడక సగం మాయం. పై స్వరాలు దండిగా ఉంటే, చెవి వాటిని పట్టుకుని, వినపడని మూల స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. 'వెచ్చదనం' అని అందరూ అనే ఆ మాట వెనక ఉన్నదాంట్లో పెద్ద వంతు ఇదే.

1960లో ఆంపెగ్‌లో జెస్ ఆలివర్ రూపకల్పనతో బి-15 వచ్చింది. పదిహేను అంగుళాల స్పీకర్ ఒక్కటి, పాతిక ముప్పై వాట్ల శక్తి. ట్యూబులున్న ఛాసిస్‌ని పెట్టె మూతకే బిగించారు. మోసుకెళ్లేటప్పుడు తలకిందులుగా లోపల దాక్కుంటుంది, వాయించేటప్పుడు మూత తిప్పితే పైకి వచ్చి నిలబడుతుంది. న్యూయార్క్ స్టూడియోల్లో మూలన ఒక బి-15 ఉండడం మామూలైపోయింది. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ పేరుతోనూ అది ముడిపడిపోయింది. టెంప్టేషన్స్ 'మై గర్ల్' మొదట్లో వినపడే ఆ రెండు స్వరాల అడుగులు ఆయనవే.

ఇక్కడే ఒక చిక్కుంది. జేమర్‌సన్ క్లబ్బుల్లో ఆంపెగ్ వాడేవాడు, నిజమే. కానీ మోటౌన్ స్టూడియోలో ఆయన బేస్ చాలాసార్లు ఆంప్‌తో పని లేకుండా నేరుగా కన్సోల్‌లోకి వెళ్లిపోయేది. ఆ ధ్వనిలో ఎక్కువ భాగం 1962 నాటి ఆయన ప్రెసిషన్ బేస్‌ది, ఏళ్ల తరబడి మార్చని బండ తీగలది, అన్నిటికీ మించి ఆయన కుడి చూపుడువేలుది. ఆ ఒక్క వేలితోనే వాయించేవాడు. సాటివాళ్లు దానికి 'హుక్' అని పేరు పెట్టారు. కన్సోల్‌లోనూ ట్యూబులే కాబట్టి ట్యూబ్ వాదానికి పూర్తిగా దెబ్బ తగలదు. కానీ బి-15 కొంటే జేమర్‌సన్ ధ్వని వస్తుందన్న నమ్మకానికి మాత్రం తగులుతుంది.

పాతిక వాట్లు స్టూడియోకి సరిపోతాయి, స్టేడియానికి చాలవు. హల్ 1967లో కంపెనీ అమ్మేశాక, తప్పుకోక ముందు ఆయన అసహ్యించుకున్న సంగీతం కోసమే ఆంపెగ్ ఒక రాక్షసిని తయారుచేసింది. 1969లో వచ్చిన ఆ ఎస్‌వీటీకి పద్నాలుగు ట్యూబులు, మూడొందల వాట్లు. దాని నమూనాలను రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది అమెరికా యాత్రలో వాడారు. కింద ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్, దానికి సంగీతకారులు పెట్టిన పేరు 'ఫ్రిజ్'. హెడ్ ఒక్కటే ముప్పై ఎనిమిది కిలోల పైన.

ఆ బరువంతా దేనిది? ట్యూబులది కాదు, అవి గాజు బుడ్లు. బరువు ట్రాన్స్‌ఫార్మర్లది. ట్యూబ్ ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్‌తో పనిచేస్తుంది. స్పీకర్‌కి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. మధ్యలో మార్చిపెట్టడానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. స్వరం ఎంత కిందికి దిగితే దాని ఇనుప కోర్ మీద భారం అంత పెరుగుతుంది. గిటార్ అడుగు తీగ సెకనుకి 82 కంపనాలు, బేస్‌ది 41. అదే వోల్టేజ్‌కి కంపనాలు సగమైతే కోర్‌లో అయస్కాంత భారం రెట్టింపు. అది తట్టుకోవాలంటే ఇనుము పెరగాలి, రాగి చుట్లు పెరగాలి. పైగా అంతే గట్టిగా వినపడ్డానికి బేస్‌కి గిటార్ కంటే ఎన్నో రెట్లు శక్తి కావాలి. గిటారిస్టు పదిహేను వాట్ల ట్యూబ్ ఆంప్‌తో బ్యాండ్‌లో నెగ్గుకొస్తాడు. బేస్ వాద్యకారుడికి వంద వాట్లు కూడా ఒక్కోసారి బొటాబొటీయే.

ట్రాన్సిస్టర్‌కి ఈ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అందుకే ట్యూబులను ముందుగా వదిలేసినవాళ్లలో బేస్ వాద్యకారులున్నారు. మిగతా ప్రపంచం అంతకంటే ముందే వదిలేసింది. రేడియోలు, టీవీలు ట్రాన్సిస్టర్‌కి మారాక ట్యూబులు కొనేవాళ్లు ఎవరు? 1976లో ఆర్‌సీఏ న్యూజెర్సీలోని హారిసన్ ట్యూబ్ కార్ఖానా మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ మిగ్-25 విమానంతో పారిపోయి జపాన్‌లోని హకొడాటెలో దిగాడు. విప్పి చూసిన అమెరికన్ నిపుణులకు దాని రాడార్‌లో వాక్యూమ్ ట్యూబులు కనిపించాయి. వెనకబాటు అని కొందరు నవ్వుకున్నారు. తర్వాత కాలంలో అమెరికా, ఐరోపా గిటారిస్టుల ఆంప్‌లను బతికించింది ఆ వెనకబాటే. రష్యాలో సరాటోవ్ కార్ఖానా, స్లొవేకియాలో జేజే, చైనాలో ఒకటి రెండు చోట్ల తప్ప సంగీతానికి పనికొచ్చే ట్యూబులు పెద్దఎత్తున చేసేవాళ్లు మిగల్లేదు.

మన దగ్గరా ఈ కథకి ఒక తోక ఉంది. ఇళ్లలో వాల్వు రేడియోలున్న కాలంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసేది. వాటిలో మిగిలిపోయిన పాత సరుకును ఇప్పుడు విదేశాల్లో ఆంప్‌ల వాళ్లు వెతికి మరీ కొనుక్కుంటున్నారు. ఒకప్పుడు రేడియో రిపేరు కొట్లో డ్రాయర్లో దొర్లిన సరుకు అది.

ఇంత సన్నని దారం మీద వేలాడుతున్న వ్యాపారం ఎంత పెళుసో 2022లో తెలిసింది. యుక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే రష్యా ట్యూబుల ఎగుమతి ఆగిపోయింది. కొన్ని వారాలకి మళ్లీ మొదలైంది కానీ ధరలు పెరిగాయి. ఎస్‌వీటీ లాంటి ఆంప్‌కి ఆరు పవర్ ట్యూబులు కావాలి, ఆరూ ఒకే తీరుగా పనిచేసేవి ఏరి తేవాలి. ఆ సెట్టు మూడొందల డాలర్ల ప్రాంతంలో ఉంటుంది.

'బుటీక్' అన్న మాట వచ్చి చేరింది ఈ శిథిలాల మీదే. పెద్ద కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటూ పోతుంటే, పాత పద్ధతిని పట్టుకున్న ఒంటరి పనివాళ్లు తయారయ్యారు. వాళ్లలో కెన్ ఫిషర్ ఒకడు. 1960ల్లో ఆంపెగ్‌లో పనిచేశాడు. 1971లో ఆంపెగ్ మాగ్నవాక్స్ చేతికి పోయింది. ఫిషర్ తన దారి తను చూసుకుని, తర్వాత ట్రెయిన్‌రెక్ పేరుతో చేత్తో ఆంప్‌లు కట్టాడు. వాటికి సీరియల్ నంబర్లుండవు, ఆడవాళ్ల పేర్లుంటాయి. కట్టినవి బహు తక్కువ. అవి ఇప్పుడు కార్ల ధర పలుకుతాయి. కానీ అవి గిటార్ ఆంప్‌లు. బేస్ కోసం పూర్తి ట్యూబ్ ఆంప్ కట్టే చిన్న తయారీదారులు ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కారణం పైన చెప్పుకున్నదే. ఇనుము ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ, పార్సిల్ ఖర్చు తడిసి మోపెడు. చాలామంది మధ్యేమార్గం పట్టారు. ముందు భాగంలో ఒకటి రెండు ట్యూబులు, వెనక క్లాస్ డి. రంగు ట్యూబుది, కండ ట్రాన్సిస్టర్‌ది.

మరి పూర్తి ట్యూబ్ ఆంప్‌కి ఇంత పెట్టడం దండగేనా? వినేవాడి వైపు నుంచి అడిగితే, చాలావరకు అవుననే చెప్పాలి. మొత్తం బ్యాండ్ మోగుతుండగా, రికార్డింగ్‌లో, ఆ తేడా పట్టగలిగేవాళ్లు కొద్దిమందే. వాయించేవాడి వైపు నుంచి అడిగితే జవాబు మారుతుంది. తీగని గట్టిగా కొట్టినప్పుడు ట్యూబ్ ఆంప్ ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. ఆ కుంగుబాటు వేలికి తెలుస్తుంది, వేలు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మృదంగం వాయించేవాళ్లు తొప్పి మీద రవ్వముద్ద ఎంత పెట్టాలో చూసుకోవడం లాంటిదే ఇది. ప్రేక్షకుడికి అక్కర్లేని వివరం, చేతికి మాత్రం ప్రాణం. చేత్తో సోల్డర్ చేసిన సర్క్యూట్‌కి ఇంకో మేలుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు విప్పి బాగుచేయగలరు. రెండు కిలోల పెట్టె పాడైతే చాలాసార్లు బోర్డు మొత్తం మార్చాలి, ఆ బోర్డు దొరక్కపోతే పారేయాలి.

కాబట్టి ఆ వెలలో ఇనుముకి, రాగికి, రోజుల తరబడి వంగి పనిచేసిన మనిషికి పోయే వాటా న్యాయమైనదే. నాకు పేచీ మిగతా వాటాతో, అంటే కథకి కట్టే ధరతో. ఆ కథలో ఎక్కువసార్లు వినపడే పేరు జేమర్‌సన్‌ది. మోటౌన్ చాలా ఏళ్లపాటు రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయలేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద ఆయన పేరు పడేసరికి, ఆయన వాయించిన పాటలు ప్రపంచమంతా ఎప్పుడో తిరిగొచ్చాయి. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి మారింది. అక్కడికి వెళ్లిన జేమర్‌సన్‌కి పని తగ్గింది, తాగుడు పెరిగింది. 1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల పండుగ చేసుకుంటే ఆయనకి పిలుపు లేదు, టికెట్ కొనుక్కుని వెనక వరసల్లో కూర్చుని చూశాడు. ఆ ఆగస్టులో చనిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ 1962 ప్రెసిషన్ బేస్‌ని ఎవరో ఎత్తుకుపోయారు. అది ఇప్పటికీ దొరకలేదు.

ఆయన చనిపోయిన పాతికేళ్ల పైచిలుకుకి ఆంపెగ్ పాత బి-15 ని కొత్తగా, పరిమిత సంఖ్యలో కట్టి అమ్మింది. అసలు పాతవాటికీ గిరాకీ తగ్గలేదు. ఆ పెట్టె మంచిదే, ఇవాళ మోగించినా హాయిగా మోగుతుంది. డబ్బుంటే కొనుక్కోవడంలో తప్పూ లేదు. అయితే దాని ఖరీదులో జేమర్‌సన్ పేరు చెప్పి అడిగే భాగం ఎంతో, అందులో ఆయన బతికున్నప్పుడు ఆయనకి చేరింది ఎంతో, కొనే ముందు ఒకసారి లెక్కేసుకోవాలి. ఆ లెక్క వేసుకున్నాక కూడా కొంటే, కనీసం దేనికి కడుతున్నామో తెలిసి కట్టినట్టవుతుంది.