ఉయ్యాలగుడ్డ మీద సముద్రం

బందరు పక్క గిలకలదిండి రేవులో పడవలు వేటకు పోని పూట వెళ్ళి చూడండి. వల చిరిగినచోట ఇద్దరు ముగ్గురు చతికిలబడి బాగుచేస్తుంటారు. ఒక చేతిలో దారం చుట్టిన పుల్ల, ఇంకో చేతిలో కన్ను ఎంతుండాలో కొలిచే చిన్న పలక. పలక మీదుగా దారం తిప్పడం, ముడి వేయడం, మళ్ళీ తిప్పడం. పలక మారనంతకాలం కన్ను మారదు. యూరపులో ఫిలే అనే లేసును అల్లింది కూడా ఇలాంటి పనిముట్లతోనే. అక్కడి ఆడవాళ్ళు సన్నదారంతో వల కట్టి, చట్రానికి బిగించి, కొన్ని కళ్ళను సూదితో పూడ్చి బొమ్మ తీసేవారు. తరవాత క్రోషా సూది ఆ పనిలోకి దిగాక ముడుల బాధ తప్పింది. వలా, వల మీది బొమ్మా ఒకే దారంతో, ఒకే చేత్తో అల్లేయడం కుదిరింది. ఇప్పుడు విదేశాల్లో పసిపిల్లల దుప్పట్ల మీద చేపలు, పడవలు, గవ్వలు, నక్షత్ర చేపలు ఈ ఫిలే పద్ధతిలోనూ వేస్తున్నారు. చేపను పట్టే వలలోంచే చేపను పుట్టించడమన్నమాట.

దానికి కావలసిన సరంజామా గళ్ళ కాగితం, నూలు ఉండ, సూది. ఖాళీ గడి అంటే ఒక నిలువు కుట్టు, రెండు గొలుసులు. నిండు గడి అంటే ఆ రెండు గొలుసుల చోట రెండు నిలువు కుట్లు. విద్యంతా ఇంతే. 60 గళ్ళ వెడల్పు కావాలంటే గడికి మూడు చొప్పున 180 గొలుసులు, మలుపుకు మరో మూడు వేసుకుని వెనక్కి తిరగాలి. ఇక కాగితం చూసుకుంటూ నింపడమే. చేప కన్నంటే నిండుగా అల్లిన ఒంట్లో వదిలేసిన ఒక్క ఖాళీ గడి. అది ఒక వరస పైకి పడితే చేప ఉలిక్కిపడినట్టుంటుంది, ఒక వరస కిందికి పడితే కునుకు తీస్తున్నట్టుంటుంది. గుండ్రనిదేదీ గుండ్రంగా రాదు. అల మెట్లు మెట్లుగా వస్తుంది. చెయ్యి వదులై నిలువు కుట్టు పొడుగైతే గడి చదరం కాకుండా పోతుంది, కాగితం మీద పండుగప్పగా ఉన్నది దుప్పటి మీద చందువాగా తేలుతుంది. ఈ పనిలో నేర్పరులు ముందే జానెడు ముక్క అల్లి కొలుచుకుంటారు. మిగతావాళ్ళు చందువాతోనే సరిపెట్టుకుంటారు.

క్రోషా మా కృష్ణా డెల్టాకు కొత్తది కాదుగానీ, దాని రాజధాని మా వైపు లేదు. గుడివాడలో రైలెక్కి కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు దాటితే నరసాపురం. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు కుటుంబాలతో 1836లో ఇండియాకు వచ్చి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీల వల్లే అబ్బింది. పేద ఇళ్ళకు ఆసరాగా నేర్పిన విద్య కొన్ని తరాల్లో ఎగుమతి వ్యాపారమైంది. బందరుకూ మిషనరీలు తక్కువేమీ రాలేదు. నోబుల్, ఫాక్స్ 1841లో దిగారు, 1843లో నోబుల్ బడి పెట్టాడు. షార్కీ దంపతులు ఆడపిల్లల బడి నడిపారు. కానీ అద్దకం ఉన్న ఊళ్ళో లేసు వ్యాపారంగా వేళ్ళూనలేదు. మా ఇళ్ళల్లో అది దిండు గలీబు అంచుగా, టీపాయి గుడ్డగా, టీవీ మీద ముసుగుగా, గుమ్మానికి హంసలు వేసిన తెరగా ఉండిపోయింది. పెళ్ళికూతురి పెట్టెలో నాలుగైదు ముక్కలు ఉండాలి, అంతవరకే.

నరసాపురంలో అది బతుకుతెరువు. అక్కడ మొత్తం వస్తువును ఒక్కరే అల్లే పద్ధతి తక్కువ. పూలూ గొలుసులూ అల్లే చేతిపని ఒకరిది, ముక్కలన్నిటినీ కలిపే అతుకుపని ఇంకొకరిది, అంచు తిప్పే కాజాకట్టు మరొకరిది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఆ ఊళ్ళల్లో తిరిగి, 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం అచ్చు వేయించింది. ఆమె పట్టుకున్న కిటుకు ఒకటుంది. రోజుకు ఆరేడు గంటలు సూది కదిపే ఆవిడను అందరూ ఇల్లాలనే అంటారు, కార్మికురాలని అనరు. ఆవిడ కూడా అనుకోదు. తీరిక వేళ పని అన్నారు కాబట్టి కూలి కూడా తీరిక వేళ కూలే. దారం ఇచ్చేదీ, సరుకు పట్టుకెళ్ళేదీ, విదేశాలతో బేరమాడేదీ మగవాళ్ళు. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిందే. ఆ ముద్ర సరుకు పేరును కాపాడుతుంది, కూలి రేటు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే.

మన చేతిపని పరాయి పసివాళ్ళ ఒంటి మీదికి ఎక్కడం ఈ లేసుతో మొదలు కాలేదు. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో కోఠీ పెట్టారు, డచ్చివాళ్ళు వాళ్ళకంటే ముందే వచ్చారు. డచ్చి సమాధులు ఇప్పటికీ మా ఊళ్ళో ఉన్నాయి, పెచ్చులూడుతూ. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు డచ్చి ఓడల్లో హాలండుకు చేరి, 18వ శతాబ్దానికి అక్కడి పసిపిల్లల చొక్కాలయ్యాయి. ఫ్రీస్లండ్ ప్రాంతంలో హిందెలోపెన్ అనే చిన్న ఓడరేవు ఊరుంది. నావికుల ఊరు. అక్కడి ఆడవాళ్ళు మన అద్దకంతో పొడుగు అంగీలు కుట్టించుకునేవారు. లేవార్డెన్ పట్నంలోని ఫ్రీస్ మ్యూజియం 2017లో ఈ గుడ్డలతోనే పెద్ద ప్రదర్శన పెట్టింది. అలాంటి పసిచొక్కాల్లో ఎర్రపూలు చూస్తే నాకు చిరివేరు గుర్తొస్తుంది. గవ్వచిల్లలు కలిసిన ఇసుకనేలల్లో పెరిగిన ఆ వేరు ఎరుపుకు సాటి లేదని అప్పటి వర్తకులు వెంపర్లాడేవారు. కరక్కాయా గేదెపాలూ పట్టించి, పటికతో అచ్చు వేసి, వేరుతో ఉడకబెట్టి, పారే కాలువ నీళ్ళల్లో జాడించిన గుడ్డ ఎన్ని ఉతుకులకూ చెక్కుచెదరదు. పసిపిల్లల బట్టకు అంతకంటే ఏం కావాలి? ఆ పని ఇప్పుడు ఎక్కువగా పెడనలో నడుస్తోంది. పాత అచ్చులు తిరగేస్తే తీగలు, మామిడిపిందెలు, చిలకలు, నెమళ్ళు, జీవవృక్షం కనబడతాయి.

మరి మన పిల్లలకో? పుట్టిన బిడ్డను కొత్తబట్టలో చుట్టరు. తాతగారి పాత పంచె చింపి పొత్తిళ్ళు చేస్తారు. ఉతికి ఉతికి పోగులు లేచిన నేతచీరలను నాలుగు మడతలు వేసి, పొడుగు కుట్లతో బొంత కుడతారు. అమ్మమ్మ చీర ఒకటి ఉయ్యాలగా దూలానికి వేలాడుతుంది. బాలసారె నాడు జరీ అంచు గుడ్డ వేసినా మర్నాటికి మళ్ళీ పాత చీరే. ఇందులో పేదరికం కొంత, దిష్టి భయం కొంత. ఎక్కువ పాలు మాత్రం శుద్ధ వివేకం. బందరు ఉక్కలో పసిఒంటికి పాత నూలును మించింది లేదు.

సముద్రం పక్కనే ఉంటూ మేం సముద్రాన్ని పిల్లల బట్ట మీదికి ఎందుకు రానివ్వలేదన్నది నాకు చాలాకాలంగా ఉన్న ఆలోచన. అలంకారం కావాలంటే వస్తువు కాస్త దూరంగా ఉండాలేమో. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి చుట్టుపక్కల దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. షార్కీల బడిలోని ఆడపిల్లలు కూడా అందులో ఉన్నారు. తరవాత ఊరు పాత దర్జాకు మళ్ళీ చేరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, వాటి చుట్టూ ఉన్న పల్లెలు. పోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే 10,000 దాకా ఉన్నారు, జనం లెక్క అంతకు ఎక్కువ. అందులో పెద్దవాళ్ళ చేతుల్లోంచి జారిపోయిన పిల్లలెందరో. అవనిగడ్డ, నాగాయలంక వైపు ఒక వయసు దాటినవాళ్ళెవరిని కదిపినా ఆ శనివారం సంగతి మొదలవుతుంది. అలాంటిచోట ఉయ్యాలగుడ్డ మీద అలలు అల్లమని ఎవరంటారు? పెడన అచ్చుల్లో తీగలూ పూలూ నిండిపోవడానికి ఇదే కారణమని నేను వాదించను. అది పరదేశీ గిరాకీ, పారశీకపు రుచి నిర్ణయించిన సంగతి. ఇళ్ళల్లో సొంతానికి అల్లుకున్నవాటి గురించే నా మాట. వాటిలో హంసలున్నాయి, కుందేళ్ళున్నాయి, రాధాకృష్ణులున్నారు. సూదీ దారాల డబ్బాలో సముద్రపు గుర్తంటూ ఉంటే, అది యాంకర్ దారం లేబులు మీది లంగరు ఒక్కటే.

ఇప్పుడు సంగతి మారుతోంది. సెల్‌ఫోనులో వీడియో చూసి క్రోషా పట్టినవాళ్ళు గుడివాడలో చాలామందే ఉన్నారు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూతురు నీళ్ళాడబోతుంటే, ప్రయాణానికి ఆరు నెలల ముందే దారం కొంటారు. మా పెద్దమ్మది దివిసీమ పుట్టిల్లు, గుడివాడ మెట్టినిల్లు. ఆవిడకు డాలస్ నుంచి మనవడి కోసం సముద్రం దుప్పటి కావాలని వర్తమానం వచ్చింది, గళ్ళ బొమ్మతో సహా. అక్రిలిక్ ఊలు వద్దని నూలే తెప్పించుకుంది. నీలం వద్దు, మురికి కనబడనిది కావాలని గోధుమ రంగు ఎంచుకుంది. పసివేళ్ళు కళ్ళల్లో ఇరుక్కుంటాయని అడుగున పలచటి గుడ్డ వేసి కుట్టింది. ఫిలే దుప్పటి పసిపిల్లలకు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఆ జాగ్రత్త తీసుకోవలసిందే. చేపలు వేసింది, తెరచాప పడవ వేసింది, గవ్వలు వేసింది. అంచు చుట్టూ ఉండవలసిన అలల వరస మాత్రం తీసేసి మామిడిపిందెలు పెట్టింది. అదేమిటి పెద్దమ్మా అంటే, "మెట్లలా వస్తున్నాయిరా, బాగోవు" అంది.

ఆక్టోపస్ దగ్గర మాత్రం నిజంగానే గళ్ళు చాలలేదు. ఎనిమిది కాళ్ళు వేస్తే ఒకదాన్నొకటి తొక్కుకుని ముద్దవుతున్నాయని ఆరింటితో ముగించింది. డాలస్‌లో ఇంతవరకూ ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.