మాచునూరు గొంతు

రేడియో మన తెలుగువాళ్ళ ఇళ్ళలోకి సర్కారు గొంతుతోనే వచ్చింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. హైదరాబాదులోని నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పుణ్యమా అని తంతి లాగే ప్రసారం కూడా ప్రభుత్వపు సొత్తే. రైతుల కోసం కార్యక్రమాలు వచ్చేవి, నిజమే. కానీ చెప్పేవాడు స్టూడియోలో, వినేవాడు రచ్చబండ మీద. ఆ దారిలో మాట ఒకవైపే నడిచింది.

ఆ కట్టడి సడలింది క్రికెట్ వల్ల అంటే నవ్వొస్తుంది గానీ, జరిగింది అదే. మ్యాచ్‌ల ప్రసారహక్కు మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ, కేంద్రానికీ నడిచిన వ్యాజ్యంలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అన్నది దాని సారాంశం. జస్టిస్ పి.బి. సావంత్ ప్రధాన తీర్పు రాస్తే, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఏకీభవిస్తూ విడిగా తన తీర్పు రాశారు. అయితే ఆ ఆస్తి మొదట ఎవరికి దక్కింది? వేలంలో డబ్బు కట్టగలిగిన ఎఫ్‌ఎం కంపెనీలకు.

ఇక్కడే అప్పటి మెదక్ జిల్లా కథ మొదలవుతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పేద మహిళా రైతులతో, ముఖ్యంగా దళిత స్త్రీలతో, ఊరూరా సంఘాలు పెట్టించింది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు టీవీ కార్యక్రమాలు తీసినవారు. ఆ సంఘాల ఆడవాళ్ళు పండించేవి జొన్న, సజ్జ, కొర్ర, సామ. వాళ్ళు మాట్లాడే తెలుగులో అటు కన్నడం, ఇటు ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. ఆ పంటలకూ ఆ మాటకూ పట్నం రేడియోలో చోటెక్కడిది?

యునెస్కో సాయంతో మాచునూరు గ్రామంలో 1990ల చివరికే స్టూడియో సిద్ధమైంది. గొంతులు సిద్ధం, మైకులు సిద్ధం, లైసెన్సు మాత్రం లేదు! అయినా వాళ్ళు ఆగలేదు. విత్తనాల ముచ్చట్లు, పంటల పాటలు, మందాకుల వైద్యం క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. అలా దాదాపు పదేళ్ళు గడిచాయి. ఇంతలో 2000 జూలైలో పస్తాపూర్ పేరుతో ఒక ప్రకటన వెలువడింది. ప్రభుత్వ రేడియో, వాణిజ్య రేడియోల పక్కన జనం రేడియోకూ చోటివ్వాలని అది కోరింది. 2002 చివర ప్రభుత్వం తలుపు కొంచెం తెరిచింది, కానీ విద్యాసంస్థలకే. 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు అనుమతి రాలేదు.

2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మీద పలికింది. అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం మొట్టమొదటిసారి జరిగిన రోజది. పాతకాలపు పెద్ద బల్బుకు సరిపోయేపాటి శక్తితో, రోజూ రాత్రి 7 నుంచి 9 దాకా, ఇద్దరు నర్సమ్మలు (అల్గోల్ నర్సమ్మ, 'జనరల్' నర్సమ్మ) నడిపిన కేంద్రమది.

మా దోహాలో కారు రేడియో పెడితే మలయాళం, హిందీ ఎఫ్‌ఎంలు హుషారుగా మోగుతాయి. ఇక ఇంటర్నెట్ ఉండగా తరంగాలెందుకని మా ఐటీ వాళ్ళం అంటాం. కానీ మాచునూరు రేడియో లోకమంతటికీ వినిపించడానికి పుట్టలేదు. పక్క ఊళ్ళో ఏ విత్తనం మిగిలిందో, ఏ పాట ఏ ముసలవ్వకు గుర్తుందో ఇరుగు పొరుగుకు తెలియడానికి పుట్టింది. ఆ కొలతకు చిన్న యాంటెనా చాలు.

ఒక్క మెలిక ఉంది. 2006 విధానం సొంత వార్తలు చెప్పనివ్వలేదు. మరి ఊరి బావి ఎండిపోయిందన్నది వార్తా, ముచ్చటా? సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ప్రశ్న మిగిలే ఉంది.

పరదేశంలో సంపాదించిన మనం సొంతూరికి గుడి కట్టిస్తాం, బడికి గది కట్టిస్తాం, కూడలిలో విగ్రహం నిలబెడతాం. మంచిదే. ఆ ఊరు తన మాట తాను చెప్పుకోవడానికి ఒక మైకు ఇప్పించాలని మనలో ఎందరికి తోచింది?