దేశాల పోలిక: మారుతూ వచ్చిన కొలబద్దలు

విస్తీర్ణం, జనాభా, ఆదాయం, ఆయుర్దాయం, అక్షరాస్యత వంటి అంకెలతో ఒక దేశాన్ని మరో దేశం పక్కన పెట్టి చూడడమే దేశాల గణాంక పోలిక. బడిపిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకం మొదలు ఐక్యరాజ్యసమితి నివేదికల దాకా ఇప్పుడు అంతటా కనిపించే ఈ పద్ధతి రాజుల అవసరంగా పుట్టింది. పొరుగు రాజుకు ఎంత సైన్యం ఉంది, ఎంత పన్ను వస్తోంది అన్నదే అప్పటి ప్రశ్న.

ఇంగ్లండులో విలియం పెటీ 1670లలో రాసిన ‘పొలిటికల్ అరిథ్మెటిక్’ ఆయన చనిపోయాక 1690లో అచ్చయింది. చిన్న హాలెండు వర్తకబలంతో పెద్ద ఫ్రాన్సుకు ఎలా దీటుగా నిలుస్తోందో ఆయన అందులో లెక్కగట్టి చూపాడు. జర్మనీలో గాట్‌ఫ్రీడ్ ఆకెన్‌వాల్ 1749లో ఈ విద్యకు ‘స్టాటిస్టిక్’ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. రాజ్యవ్యవహారాలను తెలిపే మాట నుంచే ఆ పేరు వచ్చింది.

పోలికను కంటికి కట్టినవాడు విలియం ప్లేఫేర్. 1801 నాటి ‘స్టాటిస్టికల్ బ్రీవియరీ’లో ఒక్కో దేశాన్ని ఒక్కో వృత్తంగా గీశాడు. వృత్తం ఎంత పెద్దదైతే దేశం అంత విశాలం. ఎడమ గీత జనాభా, కుడి గీత రాబడి. రెంటి కొసలను కలిపే గీత వాలును చూసి ప్రజల మీద పన్నుల బరువును తెలుసుకోవచ్చు అన్నాడు. వృత్తం వెడల్పును బట్టి కూడా ఆ వాలు మారిపోతుంది కాబట్టి లెక్క తప్పుదోవ పట్టించేది. అయినా బొమ్మతో దేశాలను పోల్చే అలవాటుకు ఆ పుస్తకం పునాది. ఐరోపా దేశాలతో పాటు హిందూస్థానంలోని రాజ్యాలనూ ప్లేఫేర్ అందులో చేర్చాడు.

పాలకుల చేతిలోని ఈ పనిముట్టును పాలితుల పక్షాన వాడిన దాదాభాయి నౌరోజీది ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం. బ్రిటిషు ఇండియాలో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 20 రూపాయలని ఆయన 1870లలో లెక్క తేల్చాడు. ఇందుకు సర్కారు సొంత నివేదికల్లోని పంటల దిగుబడులు, ధరలనే ఆధారం చేసుకున్నాడు. ఆ మొత్తాన్ని జైళ్లలో ఖైదీల తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు పక్కన పెడితే, నేరం చేసినవాడికి దక్కేపాటి కూడూ గుడ్డా కూడా సగటు రైతుకు దక్కడం లేదని తేలింది. దీనికి జవాబు చెప్పుకోక తప్పని ప్రభుత్వం 1882లో మరో అంచనా వేయించింది. అది 27 రూపాయలు. ఏడు రూపాయలు పెరిగినంత మాత్రాన ఇంగ్లండుతో ఉన్న అంతరం పూడలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో జాతీయాదాయమే దేశాలకు కొలబద్ద అయింది. అమెరికాలో దాన్ని లెక్కగట్టిన సైమన్ కుజ్‌నెట్స్, ఆ అంకెను బట్టి ప్రజల బాగోగులను తేల్చరాదని 1934 నివేదికలోనే హెచ్చరించాడు. మారకపు రేటుతో ఇంకో చిక్కు వచ్చిపడింది. హైదరాబాదులో క్షవరానికీ న్యూయార్కులో క్షవరానికీ ధరలో ఎంతో తేడా ఉంటే, రూపాయలను డాలర్లలోకి మార్చినంత మాత్రాన జీవనస్థాయి తెలియదు. ఒకే రకం సరుకులు, సేవల ధరలను దేశదేశాల్లో సేకరించి పోల్చే పథకం 1968లో మొదలైంది. దాని తొలి దశలోని పది దేశాల్లో భారత్ ఒకటి.

పెద్ద మలుపు 1990లో వచ్చింది. పాకిస్తానీ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ సహకారంతో ఐరాస అభివృద్ధి కార్యక్రమం తరఫున మానవాభివృద్ధి సూచికను తెచ్చాడు. ఇన్ని సంగతులను ఒకే అంకెలో ఇరికించడం మొరటు పని అని సేన్ మొదట వెనకాడాడు. అంతే సులువుగా పలకగలిగే మరో అంకె లేకపోతే జాతీయోత్పత్తిని ఎవరూ పక్కన పెట్టరని హక్ వాదించాడు. హక్ అన్నదే నిజమైంది. సౌదీ అరేబియా తలసరి ఆదాయం శ్రీలంక కంటే పది రెట్లకు పైనే అయినా, ఆయుర్దాయం మాత్రం శ్రీలంకలో 71 ఏళ్లు, సౌదీలో 64 అని తొలి నివేదిక చూపింది. 2010లో సూత్రాన్ని మార్చి, అక్షరాస్యతకు బదులు బడిలో గడిపిన, గడపబోయే ఏళ్లను లెక్కలోకి తెచ్చారు.

అక్షరాస్యుడు ఎవరన్న చోటే లెక్క మారిపోతుంది. 2011 జనగణన తుది లెక్క ప్రకారం భారత అక్షరాస్యత సుమారు 73 శాతం. ఇది ఏడేళ్లు, ఆపైబడిన వారి లెక్క. అంతర్జాతీయ పట్టికల్లో సాధారణంగా వాడే పదిహేనేళ్ల హద్దు పెడితే అదే జనగణనలో అది 69.3 శాతానికి దిగుతుంది.

నేల కొలతా అంత కదలనిదేమీ కాదు. ఒకే సరిహద్దును స్పెయిన్ 987 కిలోమీటర్లని, పోర్చుగల్ 1,214 అని చెప్పడాన్ని లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ గమనించాడు. కొలిచే గీటు చిన్నదైన కొద్దీ వంపులు ఎక్కువ పట్టుబడతాయి, పొడవు పెరుగుతుంది. భారత తీరరేఖకు జరిగింది ఇదే. 1970ల నాటి పటాల మీద 7,516.6 కిలోమీటర్లున్న తీరం, మరింత వివరమైన పటాలతో మళ్లీ కొలిచాక 11,098.81 కిలోమీటర్లయింది. ఆంధ్రప్రదేశ్ తీరం 973.7 నుంచి 1,053.07కు చేరింది. సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది.

జనాభాలో భారత్ చైనాను దాటే నెల 2023 ఏప్రిల్ అని ఐరాస అంచనా వేసింది. ఆ పోలికలో చైనా వైపు 2020 నాటి జనగణన ఉంది. భారత్ వైపు చివరి పూర్తి జనగణన 2011 నాటిది; తర్వాతి దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు.