అక్బరీ చేతికి కలం వస్తే

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి అక్బరీ, అస్గరీల గురించి చెప్పక్కర్లేదు. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో రాసిన 'మిరాతుల్ ఉరూస్' నావెల్‌లో వీళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లు. ఆ పేరుకి పెళ్లికూతురి అద్దం అని అర్థం. పెద్దది అక్బరీ. ఇల్లు సర్దుకోవడం రాదు, నోరు ఆగదు, అత్తగారితో పడదు. హజ్జన్ వేషంలో వచ్చిన మాయలాడి మాటలు నమ్మి జేవర్ పోగొట్టుకుంటుంది. చిన్నది అస్గరీ. పైసా పైసాకి లెక్క చూస్తుంది, ఇంటిని దోచుకుంటున్న పాత నౌకరానీని పట్టుకుంటుంది, మొహల్లా ఆడపిల్లలకి చదువు చెబుతుంది. అంగ్రేజ్ సర్కార్ ఈ కితాబ్‌కి 1000 రూపాయల ఇనామ్ ఇచ్చింది. ఆ తర్వాత నజీర్ అహ్మద్ సాబ్ నిజాం కొలువులో కొన్నేళ్లు హైదరాబాద్ రియాసత్‌లో పెద్ద ఉద్యోగమే చేశారు. ఈ కితాబ్‌ని ఆడపిల్లలకి జహేజ్‌లో పెట్టి పంపేవాళ్లు. అంటే మనవాళ్లు దీన్ని కథగా కాదు, నసీహత్‌గా చదివారు.

మా స్కూల్లో కూడా అంతే. అస్గరీ ఎంత సలీఖా గల పిల్లో ఇమ్తిహాన్‌లో పేజీలు పేజీలు రాశాం. ఇంటర్వెల్‌లో చెప్పుకుని నవ్వుకున్నది మాత్రం అక్బరీ గురించే. అక్బరీ వచ్చిన చోటల్లా కథకి ప్రాణం వస్తుంది. కానీ ఆమె కథ ఆమె చెప్పుకోలేదు. మౌల్వీ సాబ్ చెప్పారు, మనం నవ్వాం. అదే అక్బరీ చేతికి కలం వచ్చి, ఏ రోజు ఏ తప్పు చేసిందో తానే రాసుకుంటే? చదివేవాళ్లు ఏమంటారు?

ఏమంటారో 1995లో లండన్‌లో తెలిసింది. అక్కడి 'ది ఇండిపెండెంట్' అఖ్బార్ హెలెన్ ఫీల్డింగ్ అనే జర్నలిస్టుని ఒక కాలమ్ అడిగింది. షాదీ కాని ఆడమనిషిగా లండన్‌లో నీ జిందగీ ఎలా ఉందో రాయి అన్నారు. ఫీల్డింగ్ అంతకుముందు బీబీసీలో పనిచేశారు, ఆఫ్రికా కరువుల మీద డాక్యుమెంటరీలు తీశారు, ఆ అనుభవంతోనే 1994లో మొదటి నావెల్ రాశారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. సొంత జిందగీని బజార్లో పెట్టడం ఆమెకి ఇష్టం లేదు. అందుకని బ్రిడ్జెట్ జోన్స్ అనే కల్పిత మనిషిని పుట్టించి, కాలమ్ మీద తన పేరు లేకుండా రాయడం మొదలుపెట్టారు. డెస్కులో పనిచేసినవాడిగా నాకు ఈ సంగతి భలే నచ్చుతుంది. మొహమాటంలోంచి పుట్టిన కిర్దార్ ఇది.

ముందే ఒక మాట, ఆపాలూ భాయీలూ. బ్రిడ్జెట్ తాగుతుంది, సిగరెట్లు కాలుస్తుంది, మగవాళ్ల విషయంలో మన కాయదాలేవీ ఆమెకి లేవు. ఈ కితాబ్‌ని పిల్లల చేతికివ్వమని నేను చెప్పట్లేదు. చదివినవాళ్లు ఎలా చదివారన్నదే నా మాట.

ముప్పై దాటిన బ్రిడ్జెట్ రోజూ డైరీ మొదట్లో లెక్క రాస్తుంది. బరువెంత, ఎన్ని గ్లాసులు తాగింది, ఎన్ని సిగరెట్లు, ఎన్ని కేలరీలు. అస్గరీ ఇంటి ఖర్చు లెక్క చూస్తే, బ్రిడ్జెట్ తన తప్పుల లెక్క చూస్తుంది. కొత్త సంవత్సరం మొదటి రోజు అమ్మ స్నేహితురాలు ఊనా ఆంటీ ఇంట్లో దావత్. అక్కడ పెద్దవాళ్లంతా అడిగేది ఒక్కటే. ఎవరైనా దొరికారా, ఇంకెప్పుడు చేసుకుంటావు? ఈ సీన్ చదువుతుంటే లండన్ అనే మాటే మర్చిపోతాం. మన షాదీఖానాలో బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చుట్టుముట్టే ఖాలాలూ ఫుఫ్ఫూలూ కళ్లముందుకొస్తారు. "బేటీ, ఉమ్ర్ నికల్‌రహీ హై నా?"

1996లో కాలమ్ నావెల్‌గా వచ్చింది. మరుసటి ఏడు పేపర్‌బ్యాక్ వచ్చాక అమ్మకాలు ఎక్కడికో వెళ్లిపోయాయి. 1998లో బ్రిటిష్ బుక్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది. పెళ్లికాని తనలాంటివాళ్లకి బ్రిడ్జెట్ వాడిన 'సింగిల్‌టన్' అనే మాట, పెళ్లయిందని మురిసిపోతూ మిగతావాళ్లని జాలిగా చూసే జంటలకి పెట్టిన 'స్మగ్ మ్యారీడ్స్' అనే పేరు జనం నోళ్లలోకి ఎక్కాయి. అప్పటిదాకా ఆ జాలి చూపుకి పేరు లేదు. పేరు దొరికాక ఎదురు నవ్వడం తేలికైంది.

అందరూ నవ్వలేదు. 1998 జూన్‌లో అమెరికా 'టైమ్' మ్యాగజీన్ కవర్ మీద సూసన్ బి. ఆంథొనీ, బెట్టీ ఫ్రీడన్, గ్లోరియా స్టైనమ్ లాంటి నాయకురాళ్ల పక్కన టీవీ సీరియల్ లాయరమ్మ ఆలీ మెక్‌బీల్ బొమ్మ వేసి, ఫెమినిజం కథ ముగిసిందా అని అడిగింది. లోపలి వ్యాసంలో బ్రిడ్జెట్‌కీ వడ్డించారు. వందేళ్ల లడాయి ఇందుకోసమా, బరువు చూసుకుంటూ మగాడి ఫోన్ కోసం కూర్చోడానికా అన్నది వాళ్ల ఫిర్యాదు. 2001 ఆగస్టులో రచయిత్రి బెరిల్ బెయిన్‌బ్రిడ్జ్ ఈ తరహా నావెళ్లు ఉత్త నురగ అన్నారు. 81 ఏళ్ల డోరిస్ లెస్సింగ్ ఆమెతో గొంతు కలిపారు. తాగి, బరువు గురించి ఏడ్చే నిస్సహాయ అమ్మాయిల గురించి కాకుండా తమ నిజం జిందగీ గురించి రాస్తే బాగుండేది అన్నారు.

లెస్సింగ్ మాటని కొట్టిపారేయలేను. 1962లో 'ది గోల్డెన్ నోట్‌బుక్' రాసింది ఆమే. మొగుళ్ల నీడ లేకుండా బతికే ఇద్దరు ఆడవాళ్ల కథ అందులో నడుస్తుంది. ఆ నావెల్‌ని జనం ఆడ-మగ జంగ్‌గా మాత్రమే చదివారని, అసలు తాను చెప్పింది పట్టించుకోలేదని తర్వాత ఆమే ఒక ముందుమాటలో వాపోయారు. తన కితాబ్‌ని తప్పుగా చదివారని బాధపడ్డావిడ, బ్రిడ్జెట్‌లోని తంజ్‌ని వదిలేసి చదివారని నాకనిపిస్తుంది. రోజూ ఆ లెక్కలు రాసుకోవడమే మజాక్. బరువు తగ్గితే నసీబ్ మారుతుందని ఆడవాళ్లకి నూరిపోసిన మ్యాగజీన్ల మీద ఆ మజాక్. కథకి ఆధారం జేన్ ఆస్టెన్ 1813 నావెల్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. అందుకే హీరో పేరు కూడా డార్సీ. ఆస్టెన్ కూడా నవ్వుతూనే రిష్తా బజారు నడిచే తీరంతా బయటపెట్టింది. తంజ్-ఓ-మిజాహ్‌ని నసీహత్‌లా చదివితే ఉప్పుని చక్కెర అనుకున్నట్టే.

మా ఖాందాన్‌లో ఒక ఖాలాకి షాదీ కాలేదు. నలుగురు కూర్చున్న చోట దస్తర్‌ఖాన్ దగ్గర ఆవిడ మీద జోకులు నడిచేవి, ఆవిడ కూడా నవ్వేది. ఆవిడే ఎదురు జోకేసిన రోజు మాత్రం "మూఁఫట్" అన్నారు. ఆవిడ మీద నవ్వొచ్చు, ఆవిడ నవ్వించకూడదు. లండన్‌లో బ్రిడ్జెట్‌ని చదివిన లక్షల మంది ఆడవాళ్లకి ఆ కితాబ్ ఎందుకు అంత దగ్గరైందో, నాకు సబబు అక్కడ దొరికింది.

అయితే అసలు విచిత్రం 2013లో జరిగింది. రెండో నావెల్ తర్వాత చాలా ఏళ్లకి ఫీల్డింగ్ మూడోది తెచ్చారు. విడుదలకి ముందు 'సండే టైమ్స్'లో కొంత భాగం అచ్చయింది. మార్క్ డార్సీ చనిపోయి ఐదేళ్లయిందని అందులో తేలింది. దార్ఫుర్‌లో పోయాడు. బ్రిడ్జెట్‌కి ఇప్పుడు 51 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, బేవా. చదివేవాళ్లు భగ్గుమన్నారు. ట్విటర్ నిండా మాతమ్. మా డార్సీని ఎలా చంపావు అని రచయిత్రి మీద గుస్సా. అక్టోబర్‌లో కితాబ్ వచ్చాక ఇంకో తమాషా. ప్రెస్సు పొరపాటుతో కొన్ని కాపీల్లో నటుడు డేవిడ్ జేసన్ ఆత్మకథ పేజీలు 40 దాకా కలిసిపోయాయి. బ్రిడ్జెట్ కష్టాల మధ్యలో ఒక ముసలి నటుడి జ్ఞాపకాలు! పబ్లిషర్ మాఫీ చెప్పి కాపీలు మార్చి ఇచ్చాడు. బ్రిడ్జెట్‌కి ఇంతకంటే తగిన బర్కత్ ఇంకేముంటుంది.

ఆ గుస్సాని కాస్త ఆగి చూడండి. పెళ్లికాని బ్రిడ్జెట్‌తో కలిసి ఊనా ఆంటీని చూసి నవ్విన జనమే వీళ్లు. పదిహేడేళ్లలో వాళ్లే ఊనా ఆంటీలయ్యారు. పిల్ల ఒక ఇంటిదైంది, ఇక మనసు నిమ్మళం అనుకున్నారు. మళ్లీ ఒంటరిని చేసేసరికి ఓర్వలేకపోయారు. ఫీల్డింగ్ వైపు నుంచి నాకు అర్థమయ్యేది ఒకటే. ఒంటరిగా ఉన్నప్పుడే ఆ మనిషి మాట పదును. ఆ పదును మళ్లీ కావాలంటే డార్సీ పోక తప్పలేదు. బేవా ఆడమనిషి నవ్వితే ఓర్చుకోవడం మన మొహల్లాలోనే కాదు, ఎక్కడైనా కష్టమే.

ఈలోగా అదే లండన్‌లో ఆయిషా మలిక్ అనే పాకిస్తానీ మూలాలున్న రచయిత్రి 'సోఫియా ఖాన్ ఈజ్ నాట్ ఆబ్లైజ్డ్' రాసింది. 2015లో వచ్చింది. సోఫియా హిజాబ్ వేసుకుంటుంది, నమాజ్ వదలదు, పుస్తకాల కంపెనీలో పనిచేస్తుంది, ముస్లింల రిష్తా తంటాల మీద ఒక కితాబ్ రాయమని బాసు చెబితే సరే అంటుంది. బయటివాళ్లు వెంటనే 'ముస్లిం బ్రిడ్జెట్ జోన్స్' అని చీటీ అంటించారు. నాకు ఆ చీటీ అంతగా నచ్చదు. బ్రిడ్జెట్ తన తప్పుల లెక్క రాస్తే, సోఫియా చాలాసార్లు ఎదుటివాళ్ల లెక్క రాస్తుంది. కథ మొదట్లోనే ఒక రిష్తా తెగిపోతుంది. అబ్బాయి పెట్టిన షరతు ఏంటంటే, షాదీ తర్వాత అమ్మానాన్నల పక్కింట్లోనే ఉండాలి, రెండిళ్లకీ మధ్య గోడకి కంత ఉంటుంది, అటూ ఇటూ తిరగడానికి.

ఈ కితాబ్ మా భాంజీ చదివింది. 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆ గోడ సంగతి వాళ్లమ్మకి, అంటే మా ఆపాకి, ఉర్దూలో చెప్పి వినిపించింది. ఆపా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాతి జుమా నాడు మషాతా ఒక కొత్త రిష్తా ఫోటో తెచ్చింది. ఆపా అబ్బాయి తన్ఖా అడగలేదు. "ఇల్లు ఎలా ఉంటుంది, గోడలు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగింది. మషాతాకి ఏమీ అర్థం కాలేదు. లోపలి గదిలోంచి మాత్రం పిల్ల నవ్వు బైఠక్ దాకా వినిపించింది.